‘ప్రింటు వచ్చినది’: చలనచిత్రచౌర్య పరిభాష

పల్నాటిసీమలోని దాచేపల్లి అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై నున్న ఊరు. సున్నము, సిమెంటు, మిరపకాయలు మోయు లారీ లీ త్రోవను రేయింబవళ్లు నడచుచుండును. ఎక్కించుట, దించుట అను రెండు క్రియ లిచ్చటి హమాలీల నోట దినమునకు నూరుమారులు వినబడును. సుమారు పదునైదేండ్ల క్రిందట, ఈ ప్రాంతమునందలి చిన్న ఊళ్ల సెల్‌ఫోను దుకాణములలో ఈ మాటలే మరియొక పనికి వచ్చినవి. “పాటలు, సినిమాలు ఎక్కించబడును” అని పలక వ్రాసి కట్టెడివారు. మెమరీ కార్డును, కొంత పైకమును ఇచ్చినచో దుకాణదారుడు క్రొత్త చిత్రము నందులో ‘ఎక్కించె’డివాడు. అంతర్జాలము చౌకయైన పిమ్మట ఎవరికి వారే ‘దించుకొన’ నారంభించిరి. తెలుగు వికీపీడియా వారును దస్త్రమును చేర్చుటకు ‘ఎక్కింపు’ అను మాటనే గ్రహించినారు. పండితులు పారిభాషికపదములను కల్పింపక మునుపే ప్రజలు తమ బండి భాషను యంత్రమున కన్వయించుకొనిరన్నమాట.

ఈ వ్యాపారమునకు పేరు మాత్రము తెలుగున పుట్టలేదు. మన ఆలంకారికులు చౌర్యమును గూర్చి విస్తారముగా చర్చించిరి. కాని వారు చెప్పిన కావ్యచౌర్యము పరుల శబ్దార్థములను తనవిగా చెప్పుకొనుట. అందు కర్త పేరు మాయమగును. చిత్రచౌర్యమునం దట్లు కాదు. దర్శకుని పేరు, నటుల పేర్లు చెక్కుచెదరవు. పైపెచ్చు ఆ పేర్లే సరకును అమ్మిపెట్టును. పోవునది కీర్తి కాదు, రాబడి. ఈ భేదము వలననే కావ్యచౌర్యమను పాత మాట ఇచ్చట అతుకలేదు. గ్రీకు భాషలో పుట్టి, లాటిను మీదుగా ఆంగ్లమునకు వచ్చి, అచ్చట 17వ శతాబ్ది నాటికే దొంగ ముద్రణల కన్వయించిన ‘పైరసీ’ యను ఓడదొంగల మాట, ఉన్నదున్నట్లుగా మన పత్రికల కెక్కినది.

ఆ దొంగల లోపలి పరిభాష మరింత చిత్రమైనది. పాశ్చాత్యదేశములలో ‘సీన్’ అని తమ్ము తాము పిలుచుకొను రహస్యబృందములు ప్రతుల తారతమ్యమును తెలుపుటకు కొన్ని సంకేతముల నేర్పరచుకొన్నవి. ప్రదర్శనశాలలో కూర్చుండి కెమేరాతో తీసినది ‘కామ్’. బొమ్మను కెమేరాతో తీసి ధ్వనిని మాత్రము యంత్రమునుండి నేరుగా గ్రహించినది ‘టెలిసింక్’. ఫిల్ము చుట్టనే యంత్రమున కెక్కించి మార్చినది ‘టెలిసినీ’. బహుమతి నిర్ణేతలకు, విమర్శకులకు పంపిన ప్రతినుండి జారినది ‘స్క్రీనర్’. ప్రసారసంస్థ దస్త్రమును చెక్కుచెదరక లాగినది ‘వెబ్ డిఎల్’. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్ పద్ధతితో ‘సీడ్’, ‘లీచ్’ అనగా విత్తు, జలగ వచ్చి చేరినవి. పూర్తి ప్రతిని తనయొద్ద నిలిపి పరులకు పంచువాడు విత్తువాడు. గైకొని పంచకపోవువాడు జలగ. దొంగలలోను ధర్మాధర్మవిచక్షణ కలదని ఈ జంట చెప్పుచున్నది.

తాళపత్రములతో పరిచయమున్న వారికి ఈ దస్త్రముల పేర్లు క్రొత్తగా తోపవు. మొదట చిత్రనామము, పిదప సంవత్సరము, భాష, బొమ్మ స్పష్టత, మూలము. తుదిని ఒక అడ్డుగీత, దాని వెనుక బృందము పేరు. వ్రాయసగాడు గ్రంథాంతమున తన పేరు, ప్రతి ముగించిన దినము వ్రాసికొనినట్లే యిది. పరుల ప్రతి దోషభూయిష్ఠమైనచో సరియైన దానిని వెలువరించి ‘ప్రాపర్’ అని చేర్చెదరు. తమ తప్పును తామే దిద్దుకొన్నచో ‘రీప్యాక్’ అనెదరు. నియమము తప్పిన ప్రతిని ‘న్యూక్’ చేసి వెలివేసెదరు. పాఠపరిష్కరణమున ఇంతటి పట్టుదల మన ముద్రాపకులలో కొందరికైన నుండిన బాగుండెడిది!

తెలుగునాట ఈ సూక్ష్మభేదము లన్నియు ఒక్క మాటలో ఇమిడిపోయినవి. అది ‘ప్రింటు’. ఫిల్ము కాలమున ప్రింటనగా ప్రదర్శనశాలకు పెట్టెలలో వచ్చు చుట్టల ప్రతి. “పెట్టె వచ్చినదా?” యని అభిమానులు కాచుకొని యుండెడివారు. డిజిటల్ ప్రదర్శన వచ్చి చుట్టలు పోయినవి, పెట్టెలు పోయినవి; ప్రింటు మాత్రము మిగిలి, చౌర్యప్రతి యొక్క నాణ్యమను అర్థమున స్థిరపడినది. “ప్రింటు ఎట్లున్నది?” అను ప్రశ్నకు “థియేటరు ప్రింటే” అన్నచో నిరాశ, “హెచ్‌డి ప్రింటు” అన్నచో ఆనందము. అట్లే ‘ప్రీ డివిడి’ యను మాట, డివిడి వెలువడుటకు ముందుగా దొరకు, కామ్‌కంటె కొంత మేలైన ప్రతికి ఏర్పడినది. డివిడి లంగడులనుండి తొలగినను ‘ప్రీ’ తొలగలేదు. ఇక సినిమాకు మన జనులు వాడు ‘బొమ్మ’ యను దేశ్యపదమునే ఒక చౌర్యస్థానము తన పేరున ధరించి ‘ఐబొమ్మ’గా ఇంటింట తెలిసినది. 2025 నవంబరులో దాని నిర్వాహకుడను ఆరోపణపై హైదరాబాదు పోలీసు లొకని నిర్బంధించిరి. ఆంగ్లపు ముక్కకు అచ్చతెలుగు మాటను తగిలించిన ఆ కూర్పులో తనవాడన్న చనువు కలదు. దొంగ సొత్తను శంక రానీయదు.

మా దృష్టిలో అసలు విశేషము నామములయందు గాక క్రియలయం దున్నది. ‘ఎక్కించు’ సకర్మకము, ప్రేరణార్థకము. దానికి కర్త కావలెను. ఆ కర్త దుకాణములో ఎదుట కూర్చుండెను, పలకయు కట్టెను. నేటి క్రియలను గమనింపుడు: ప్రింటు వచ్చినది, సినిమా లీకైనది, లింకు దొరికినది. అన్నియు అకర్మకములు, లేదా కర్తను మరుగుపరచు ప్రయోగములు. వాన వచ్చినట్లు ప్రింటు వచ్చును. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సుమారు 90 నిమిషముల భాగము బయటపడగా, కృష్ణాజిల్లా పెడనలో దాని డిస్కులు పోలీసులకు చిక్కినవి. అక్టోబరుకు నిర్ణయించిన విడుదలను సెప్టెంబరు 27కు జరుపవలసివచ్చెను. ఒకడు ప్రతి తీయనిదే, మరియొకడు అమ్మనిదే జరుగని పని యది. అయినను నాటినుండి నేటివరకు ఆ చిత్రము ‘లీకైన’దే కాని దానిని ‘లీకు చేసిన’వాడు వాక్యములో అరుదుగా కనబడును.

చట్టముభాష ఇట్లు నడువదు. చలనచిత్రచట్టమునకు 2023లో చేసిన సవరణలో అనుమతి లేక చిత్రమును గ్రహింపరాదని, ప్రదర్శింపరాదని నిషేధములు చేరినవి. శిక్ష మూడు నెలలనుండి మూడేండ్ల చెర. జుల్మానా కనీసము మూడు లక్షల రూపాయలు, గరిష్ఠము నిర్మాణవ్యయములో నూటికి ఐదు వంతులు. ‘ఏ వ్యక్తియు’ అని ఆరంభమగు వాక్యమునం దకర్మకమునకు చోటు లేదు. యంత్రమును అట్లే. డిజిటల్ ప్రదర్శనలో తెరపై బొమ్మలో కంటి కానరాని గుర్తులను పొదుగుదురు. దొంగప్రతిని పరీక్షించినచో అది ఏ ప్రదర్శనశాలలో, ఏ వేళ తీయబడినదో అవి చెప్పును. మన వాక్యము విడిచిన కర్తను బొమ్మ తనలో దాచుకొని యుండును.

ఈ ప్రయోగములను పామరుల వాడుకగా త్రోసివేయుటకు మాకు నోరు రాదు. మన శాఖలలో గ్రంథమును గూర్చి తొలుత వచ్చు ప్రశ్న “పిడిఎఫ్ ఉన్నదా?” యనునదియే. కాపీహక్కు తీరిన ప్రాచీనకావ్యముల మాట వేరు. బ్రతికియున్న రచయిత పుస్తకమునకును అదే ప్రశ్న, “దొరికినది” అను అదే జవాబు. గతసంవత్సరము మా పరిశోధకవిద్యార్థి యొకడు మిక్కిలి సంతోషముతో వచ్చి, “మీ పుస్తకము వచ్చినదండీ, ప్రింటు చాల బాగున్నది” అనెను. క్రొత్త ముద్రణ యనుకొని ఎవరు వేసిరని యడిగితిమి. “ఎవరును వేయలేదండీ, వచ్చినది” అని ఫోను చూపెను.