వేంకటేశ్వరరావు ఇరవైలో పట్టకపోతే

ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కోసం ఒక కాలమ్ పెట్టి, దానికి వార్‌చార్2(20) అని రాశారనుకుందాం. పేరుకి ఇరవై చాలదా అనిపిస్తుంది. తీరా ‘వేంకటేశ్వరరావు’ అని తెలుగులో ఎక్కించబోతే, విలువ మరీ పెద్దదంటూ ఎర్రర్ వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్(20) కాలమ్ పెట్టి, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇస్తే అదే పేరు ఏ పేచీ లేకుండా పడుతుంది.

మనం వేరే చెప్పకపోతే ఒరాకిల్ మామూలుగా ఆ ఇరవైని బైట్లుగా లెక్కేస్తుంది. మైఎస్‌క్యూఎల్ క్యారెక్టర్లుగా లెక్కేస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు హల్లు, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు తింటాయి. కంటికి ఏడక్షరాలుగా కనిపించే ఆ పేరులో ఇలాంటివి 14 ఉన్నాయి, అంటే 42 బైట్లు. ఒరాకిల్‌లో 20 పక్కన ‘చార్’ అని చేర్చామంటే పేరు పడుతుంది. లెంగ్త్ ఫంక్షన్ దగ్గరా ఇదే తంతు. ఈ పేరు పొడవెంతని అడిగితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 14 అంటుంది, మైఎస్‌క్యూఎల్ 42 అంటుంది. ఏడని ఏదీ అనదు.

ఇంగ్లీషు పేర్లతోనే నడిచే ట్యుటోరియల్‌లో ఈ ఇబ్బంది ఎదురే కాదు. అమీర్‌పేట కోచింగ్ నోట్సైనా, యూట్యూబ్ పాఠమైనా నేర్పడానికి తయారైనవి. తేలిక ఉదాహరణలు ఏరుకుని ముందుకు పోతాయి. బైటా, క్యారెక్టరా అన్న సంగతి ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ లాంగ్వేజ్ రిఫరెన్స్‌లో, డేటా టైపుల అధ్యాయంలో ఉంటుంది. రిఫరెన్స్‌ని మొదటి పేజీ నుంచి చదవబోయి విసిగిపోయేవాళ్లే ఎక్కువ. పంచాంగం చూసినట్టు చూడాలి దాన్ని: కావలసిన చోట తెరిచి, చూసుకుని, మూసేయడమే.

తెరిచాక భయపెట్టేది ఆ గుర్తుల భాష. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో సెలెక్ట్ పేజీ చూడండి. పైనే బోలెడు బ్రాకెట్లు, నిలువు గీతలు, చుక్కలు. చతురస్రపు బ్రాకెట్లో ఉన్నది మన ఇష్టం, రాయకపోయినా నడుస్తుంది. మీసాల బ్రాకెట్లో నిలువు గీతల మధ్య ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. మూడు చుక్కలుంటే ముందున్నదాన్ని మళ్లీ మళ్లీ రాయొచ్చు. ఇప్పుడు చతురస్రపు బ్రాకెట్లలో ఉన్నదంతా తీసేసి చూడండి, మిగిలేది ‘సెలెక్ట్’ ఒక్కటే! వింతగా ఉన్నా, ఆ ఒక్క మాట రాసి సెమీకోలన్ పెడితే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇవ్వదు. ఈ గుర్తులు నచ్చనివాళ్లకి ఎస్‌క్యూలైట్ మాన్యువల్ హాయి. రైలు పట్టాల్లాంటి బొమ్మలు గీసి దారి చూపిస్తుంది.

సెలెక్ట్ పేజీలో నన్నడిగితే అసలు బంగారం కొంచెం కిందున్న వివరణ భాగం. క్వెరీని డేటాబేస్ ఏ వరసలో అర్థం చేసుకుంటుందో అక్కడుంది. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, ఆపైన గ్రూప్ బై, హ్యావింగ్. మనం మొట్టమొదట రాసే సెలెక్ట్ జాబితా వంతు వాటి తర్వాతే వస్తుంది. జీతాన్ని 12తో హెచ్చవేసి దానికి ‘వార్షికం’ అని పేరు పెట్టుకుంటే, ఆ పేరు ఆర్డర్ బైలో చెల్లి, వేర్‌లో ఎందుకు చెల్లదో దీంతో తేలిపోతుంది. వేర్ పని చేసే సమయానికి ఆ పేరింకా పుట్టలేదు మరి.

పేజీ ఏ వెర్షన్‌దో కూడా చూసుకోవాలి. వయసు 18కి తగ్గకూడదని మైఎస్‌క్యూఎల్ 5.7లో చెక్ నిబంధన రాస్తే, అది కిక్కురుమనకుండా తీసుకుని పక్కన పడేసేది. 16 ఏళ్లవాణ్ణీ చేర్చుకునేది. ఆ నిబంధనను నిజంగా అమలు చేయడం 8.0.16 నుంచే. గూగుల్ ఒక్కోసారి పాత పేజీనే ముందు చూపిస్తుంది.

ఎస్‌క్యూఎల్ అనే ఒకే భాషలో ఇన్ని తేడాలెందుకంటే ప్రమాణం ఆలస్యంగా వచ్చింది. ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను 1970లో ప్రచురించాడు. అక్కడే ఛాంబర్లిన్, బాయ్స్ దానికోసం తయారుచేసిన భాష గురించి 1974లో రాశారు. ఒరాకిల్ 1979కే అమ్మకానికొచ్చింది. అమెరికా ప్రమాణం 1986లో, అంతర్జాతీయ ప్రమాణం 1987లో వచ్చాయి. అప్పటికే ఎవరి అలవాట్లు వాళ్లవి. మొదటి పది వరసలు కావాలంటే మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టాప్ రాస్తారు. ప్రమాణం ఒప్పుకున్నది ఫెచ్ ఫస్ట్‌ని, అదీ 2008లో. పోస్ట్‌గ్రెస్ లిమిట్‌నీ, ఫెచ్ ఫస్ట్‌నీ రెంటినీ ఒప్పుకుంటుంది. పైగా ఏది ప్రమాణం, ఏది తన సొంతమో ప్రతి కమాండ్ పేజీ చివర్లో ‘కంపాటిబిలిటీ’ అనే శీర్షిక కింద చెబుతుంది. ఒక డేటాబేస్ నుంచి మరోదానికి మారే పని పడినవాళ్లు ఆ పేజీల్ని కిందినుంచే మొదలుపెట్టొచ్చు.