క్రొత్త అప్‌డేటును కూడ ఒక మడిలో వేసి చూడవలెను

క్రొత్త వంగడము వచ్చినదని వినగానే ఏ రైతూ పొలమంతటను దానినే వేయడు. మొదట ఒక మడిలో వేసి, తెగుళ్ళకు తట్టుకొనుచున్నదో లేదో చూచుకొని, మరుసటి యేడు విస్తీర్ణము పెంచును. అంతవరకు పాత విత్తనమును గాదెలో ఉంచుకొనును. ఈ జాగ్రత్త సెల్‌ఫోనునకు, గ్రామ కార్యాలయములోని కంప్యూటరునకు కూడ అవసరము.

గత ఖరీఫ్‌లో నాకు కలిగిన అనుభవము చెప్పెదను. పంట వివరముల నమోదుకు నేను వాడు యాప్ రాత్రికి రాత్రి తనంతట తానే మారిపోయినది. సిగ్నలు లేని చోట వివరములను ఫోనులోనే దాచి, ఊరిలోనికి వచ్చిన పిమ్మట పంపు సౌకర్యము పాతదానిలో ఉండెడిది, క్రొత్తదానిలో లేదు. చెరువు క్రింది పొలములలో సిగ్నలు అందదు. గడువు నాలుగు దినములే యున్నది. "నిన్నటిదాకా బాగున్నదానిని ఎందుకు మార్చినారండీ?" అని గట్టుమీద నిలిచి రైతులు అడిగినారు. నావద్ద జవాబు లేదు. ఇద్దరి వివరములు గడువులోపల చేరలేదు. నెల తరువాత ఆ సౌకర్యము తిరిగి వచ్చినది. గడువు తిరిగి రాలేదు.

ఇట్లెందుకు జరుగును?

సాఫ్ట్‌వేర్ ఏండ్ల తరబడి అతుకులతో పెరుగును. ఒక దశలో తయారుదారులు దానిని పునాదినుండి తిరిగి వ్రాయుదురు. అప్పుడు పాత సౌకర్యములన్నిటిని ఒక్కొక్కటిగా మరల కట్టవలసియుండును. పని పూర్తికాకమునుపే విడుదల తేదీ వచ్చును. కప్పు వేయకుండ గృహప్రవేశము చేసినట్లగును.

పెద్ద సంస్థలును దీనికి అతీతము కావు. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 8లో, అందరికి అలవాటైన స్టార్ట్ బటను లేదు. 2013 అక్టోబరులో 8.1తో బటను తిరిగి వచ్చినది. స్టార్ట్ మెనూ కొరకు 2015లో విండోస్ 10 వచ్చువరకు వేచియుండవలసి వచ్చినది. 2024 మేలో స్పీకర్లు తయారుచేయు సోనోస్ అను అమెరికా సంస్థ, అలారము వంటి సౌకర్యములు లేకుండనే క్రొత్త యాప్ విడుదల చేసి, జూలైలో బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది.

అట్లని అప్‌డేట్లనే మానరాదు

అప్‌డేట్లు రెండు విధములు. భద్రతా సవరణలు సస్యరక్షణ వంటివి; దొంగలు చొరబడు కంతలను మూయును. వీనిని ఆలస్యము చేయరాదు. రూపమును, పనితీరును మార్చు పెద్ద అప్‌డేట్లు క్రొత్త వంగడము వంటివి. తొందర కూడనిది వీనివిషయముననే. పాతదానినే కలకాలము పట్టుకొని యుండుటయు క్షేమము కాదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది.

పాటించవలసిన జాగ్రత్తలు

1. నమోదు, విత్తనముల పంపిణీ వంటి గడువు పనులు నడుచుచుండగా పెద్ద అప్‌డేటు వేయరాదు.

2. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లు తమంతట తామే మారకుండ ఆపవచ్చును. ప్లే స్టోరులో ఆ యాప్ పుట తెరచి, పైన కుడివైపున ఉన్న మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ ఎదుట ఉన్న గుర్తు తీసివేయవలెను. పని ముగిసిన పిమ్మట మరల గుర్తు పెట్టుట మరువరాదు.

3. కార్యాలయములో పలు ఫోనులున్నచో మొదట ఒకదానిలో వేసి, రోజూ చేయు పనులన్నియు చేసి చూడవలెను.

4. పంపవలసిన వివరములు ఫోనులో మిగిలియుండగా యాప్‌ను తొలగించరాదు, అవి పోవచ్చును.

5. పాత కూర్పు కావలెనని వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును ఎక్కించరాదు. మోసగాండ్రు ఈ దారిననే బ్యాంకు ఖాతాలు దోచుకొనుచున్నారు.

6. పొలములో కాగితము, కలము దగ్గర నుంచుకొనవలెను.

సౌకర్యము పోయినచో "యాప్ బాగులేదు" అని ఊరకుండరాదు. ఏ పని ఆగినదో, ఏ తేదీనుండి ఆగినదో, ఫోను ఏదో, యాప్ కూర్పు సంఖ్య ఎంతో వ్రాసి పంపవలెను. ఆకుపై మచ్చను చూపిననే గదా తెగులు తెలియునది. గ్రామోద్యోగులు ఇట్టి ఫిర్యాదులను ఆలస్యము లేకుండ పైకి పంపినచో, రాబోవు సీజనులో మరొక రైతు గడువు తప్పకుండును.