అధ్యాపకునికి సొంత వెబ్‌సైటు

సిలబస్, పరీక్ష తేదీలు, చదవవలసిన పుస్తకాల పట్టిక వంటి సమాచారం కళాశాలల్లో నేడు చాలావరకు వాట్సాప్ గ్రూపుల ద్వారానే విద్యార్థులకు అందుతున్నది. అయితే తరువాత వచ్చే సందేశాల కింద అది త్వరలోనే మరుగున పడిపోతుంది కనుక, దానికి మారని చిరునామా ఒకటి ఉండటం అవసరం. 1989లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినది కూడా పరిశోధకుల మధ్య సమాచారం చెదరకుండా నిలవాలనే. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన పాఠ్యసామగ్రిని అందరికీ ఉచితంగా అందిస్తామని ప్రకటించింది. మన ఐఐటీలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం ద్వారా ఆ బాటనే నడిచాయి. అవి పెద్ద సంస్థల ప్రయత్నాలు. ఒక్క అధ్యాపకునికి ఒక్క పుట చాలు.

వెబ్‌పుటలో ఏది శీర్షికో, ఏది పేరానో బ్రౌజరుకు తెలిపే గుర్తుల భాషను హెచ్‌టీఎంఎల్ అంటారు. గూగుల్ సైట్స్ వంటి ఉచిత సాధనాల్లో ఆ భాష రాకపోయినా, వాక్యాలు టైపు చేసి, ఫైళ్లు జతచేసి, పబ్లిష్ మీట నొక్కితే సైటు సిద్ధమవుతుంది. ఇబ్బందులు ఆ తరువాతే మొదలవుతాయి. గూగుల్ డ్రైవ్‌లోని నోట్సుకు లింకు ఇచ్చి, దానిని చూసే అనుమతిని అందరికీ ఇవ్వడం మరచిపోతే, విద్యార్థికి నోట్సుకు బదులు అనుమతి కోరమనే పుట ఎదురవుతుంది. అధ్యాపకుడు మాత్రం తన ఖాతాలోనే ఉంటాడు కాబట్టి ఆ లోపం ఆయన కంట పడదు. లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో ప్రతి లింకునూ ఒకసారి తెరచి చూస్తే ఇది బయటపడుతుంది.

తెలుగు నోట్సుకు మరొక చిక్కు ఉన్నది. డీటీపీ కోసం అను ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని పుటలో అతికిస్తే అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లోకి దానిని మార్చినప్పుడే అది ఏ ఫోనులోనైనా చదవడానికీ, వెతకడానికీ వీలవుతుంది. చేతిరాత నోట్సును ఫొటోలు తీసి పెట్టడం సులువే అయినా, అందులో ఒక్క పదాన్నీ నేరుగా వెతకలేము, చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ దానిని సరిగా చదివి వినిపించలేదు. కాబట్టి ముఖ్యమైన పాఠాలనైనా టైపు చేయడం అధ్యాపకుని బాధ్యతగానే భావించాలి.

రంగుల హంగులకన్నా, చివరిగా మార్చిన తేదీ, ఈ వారపు పాఠం, రాబోయే పరీక్ష మొదటి తెరపైనే కనిపించడం మేలు. మార్కులను మాత్రం, హాల్‌టికెట్ నంబర్లతోనైనా సరే, ఇక్కడ ఉంచరాదు. అవి ఆయా విద్యార్థులకూ కళాశాలకూ మధ్యనే ఉండవలసినవి.