మగతనానికి కొలతలు, ప్రకృతికి నష్టాలు

మగవాడు ఎలా ఉండాలన్నదానికి ప్రతి కాలమూ ఒక కొలత పెట్టుకుంటుంది. గత రెండు శతాబ్దాలుగా ఆ కొలత సంపాదన చుట్టూ, యంత్రం చుట్టూ, ప్రకృతిని లొంగదీయడం చుట్టూ తిరుగుతోంది. ఎంత అడవి కొట్టాడు, ఎంత లోతున బోరు వేశాడు, ఎంత పెద్ద బండి తోలుతున్నాడు అన్న లెక్కలతో మనిషికి విలువ కట్టే అలవాటు ఇలాగే పాతుకుపోయింది. పర్యావరణ సమస్యలకు, నేటి మగతనానికి ఉన్న ముడి ఈ కొలతలోనే ఉంది.

ఆస్ట్రేలియా సామాజిక శాస్త్రవేత్త రేవిన్ కానెల్ 1995లో వెలువరించిన పుస్తకంలో ఈ ముడిని విప్పే దారి ఒకటి చూపారు. ఏ సమాజంలోనైనా మగతనాలు అనేకం ఉంటాయని, వాటిలో ఒకటి పెత్తనం చేస్తుంటే తక్కినవి దానికి లోబడో, దాన్ని అనుకరిస్తూనో బతుకుతాయని ఆమె వాదన. అమెరికా పరిశోధకురాలు కారా డాగెట్ 2018లో దీన్ని బొగ్గు, పెట్రోలు దాకా తీసుకువెళ్లి, ఇంధనం మండించడమే మగటిమిగా చెలామణీ అవుతున్న ధోరణికి ‘పెట్రో మగతనం’ అని పేరు పెట్టారు. స్వీడన్‌లో ఒంటరిగా ఉండే స్త్రీ పురుషుల ఖర్చులను పోల్చిన 2021 నాటి అధ్యయనంలో మగవారి ఖర్చు ఆడవారికన్నా 2 శాతమే ఎక్కువ. ఆ ఖర్చువల్ల వెలువడే కర్బన వాయువులు మాత్రం 16 శాతం ఎక్కువ. ఈ తేడాకు ముఖ్య కారణం కార్లలో పోసే ఇంధనం.

ఇంత దూరం వెళ్లకుండానే ఈ చరిత్రను మొదటినుంచీ చదవగల చోటు అండమాన్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. శ్రీ విజయపురానికి, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, చేరువలోని ఆస్టినాబాద్ వంటి ఊళ్లు నిలిచి ఉన్న నేల ఒకప్పుడు దట్టమైన అడవి.

1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే బ్రిటిష్ అధికారి వెంట సుమారు 200 మంది ఖైదీలు ఇక్కడ దిగారు. వచ్చిన వెంటనే వాళ్లకు అప్పగించిన పని చెట్లు కొట్టి నేల చదును చేయడం. జ్వరాలతో, దెబ్బలతో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1883లో అటవీ శాఖ వెలిసింది. అదే ఏడు చాతం దీవిలో రంపపు మిల్లు మొదలైంది. పడౌక్ వంటి విలువైన కలపను ఏనుగులు ఈడ్చుకొస్తే మిల్లు కోసేది, ఓడలు మోసుకుపోయేవి. ఆ కాలపు జనాభా లెక్కలు చూస్తే ఇది ఎలాంటి సమాజమో అర్థమవుతుంది. 1901లో దీవుల్లో వెయ్యి మంది మగవారికి 318 మంది ఆడవారు. 1921 నాటికి ఆ సంఖ్య 303కి పడిపోయింది. సర్కారు పనిగట్టుకుని మగవాళ్లతో ఒక లోకాన్ని తయారుచేసి, ఆ లోకానికి అడవిని శత్రువుగా చూపింది. గొడ్డలి పట్టిన ఖైదీకి ఇందులో ఏ ఎంపికా లేదు. నేరం అతని మీద మోపడం అన్యాయం. ఆజ్ఞ ఇచ్చినవాళ్లకు, లాభం తీసుకున్నవాళ్లకు మాత్రం తామేం చేస్తున్నామో తెలుసు.

దొరల వేట సరదా మిగిల్చిన నష్టం మరొకటి. తుపాకీ పట్టి జంతువును పడగొట్టడం ఆనాటి అధికారికి హోదా, పౌరుషం. వేటకు తగిన జంతువులు అండమాన్‌లో లేవని 20వ శతాబ్దం తొలి దశకాల్లో చుక్కల దుప్పులను తెచ్చి వదిలారు. వాటిని తినే పులి గానీ చిరుత గానీ ఇక్కడ లేదు. దుప్పులు ఈదుకుంటూ దీవినుంచి దీవికి చేరాయి. మొలకలను, లేత మొక్కలను మేసేస్తూ అడవి కింది అంతస్తును ఖాళీ చేస్తున్నాయి. ఆ పొదల మీద ఆధారపడ్డ బల్లి జాతులు కూడా దెబ్బతింటున్నాయని 2016లో భారతీయ పరిశోధకులు చూపించారు. వేటగాళ్లు పోయి ఎనభై ఏళ్లవుతున్నా వాళ్ల సరదాకు మూల్యం అడవి ఇంకా చెల్లిస్తూనే ఉంది. ఇంటర్‌వ్యూ దీవిలోని అడవి ఏనుగులదీ ఇలాంటి కథే. కలప కంపెనీ ఒకటి 1960లలో మూతపడి, తన ఏనుగులను అక్కడ వదిలేసి వెళ్లిపోయింది.

నరికివేతకు గట్టి అడ్డుకట్ట పడింది 2002 మే 7న. షేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను స్థానిక అవసరాలకే పరిమితం చేసి, తీరాల్లో ఇసుక తవ్వకాన్ని దశలవారీగా ఆపమంది. అయినా పాత కొలత చావలేదు. 2022లో పర్యావరణ అనుమతి పొందిన గ్రేట్ నికోబార్ దీవి ఓడరేవు, విమానాశ్రయ ప్రాజెక్టుకు దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించాలి. దేశ బలం పేరు ఎత్తగానే అక్కడి షోంపెన్ ఆదివాసుల అడవి, సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరం చిన్న విషయాలైపోయాయి.

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇదే కొలత బోరు రూపంలో కనబడుతుంది. అనంతపురంలోనో నల్లగొండలోనో పక్క చేలో నీళ్లు పడ్డాయంటే మన చేలో ఇంకో వంద అడుగులు దింపాలి. దింపకపోతే ఊళ్లో చులకన. ఒకటి ఎండితే రెండోది, అప్పు చేసి మూడోది. భూగర్భజలం అందరిదీ కాబట్టి ఒకరి పంతానికి పక్కవారి బోరు కూడా ఎండుతుంది. పురుగు మందుదీ ఇదే దారి. పత్తి చేలో ఎక్కువ మందు కొట్టినవాడే గట్టి రైతన్న పేరు వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకోవడం పిరికితనమైంది. పంట పోతే ఆ ఓటమిని ఇంట్లో కూడా చెప్పుకోలేని స్థితికి మగవాడిని ఈ పరువే నెట్టింది. ఆత్మహత్య చేసుకున్న రైతుల్లో అత్యధికులు మగవారు కావడంలో అప్పుతోపాటు ఈ మౌనానికీ పాలు ఉంది.

ఇందులోంచి బయటపడ్డ ఊళ్లున్నాయి. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు మందుల దుకాణాల దగ్గర అరువు తెచ్చి, పంటను అక్కడే అమ్మి, అప్పుల్లో మునిగి ఉండేవారు. 2000 తర్వాత అక్కడి మహిళా సంఘాలు పట్టుబట్టి వేపగింజల కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టల వైపు ఊరిని తిప్పాయి. కొన్నేళ్లలోనే ఊరంతా పురుగు మందులు మానేసింది. ఇలాంటి మహిళా పొదుపు సంఘాల పునాది మీదే 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. 2024లో దానికి గుల్బెంకియన్ పురస్కారం దక్కింది.

స్త్రీలు ప్రకృతికి పుట్టుకతోనే దగ్గరన్న మాట దీనికి వివరణ కాదు. 1992లో ఆర్థికవేత్త బీనా అగర్వాల్ చెప్పినట్టు, నీళ్లు మోసేదీ, పుల్లలు ఏరేదీ, విత్తనం దాచేదీ ఎవరో వాళ్లకే నష్టం ముందు తెలుస్తుంది. ఎవరు ఏ పని చేస్తారో, భూమి ఎవరి చేతిలో ఉందో అన్నదే అసలు ప్రశ్న. మగవాడు వంట, పిల్లలు, నీళ్ల పని పంచుకున్న ఇంట్లో అతనికీ ఆ నష్టం తెలుస్తుంది.

చట్టం, బ్యాంకు మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతు. కలుపు తీసే, విత్తనం కట్టే, కషాయం కాచే స్త్రీ చాలాచోట్ల ఆ లెక్కలోకి రావడం లేదు. బోరు వేయాలా వద్దా అన్నది ఆమె లేకుండానే తేలిపోతోంది. పొలం పట్టాలో, నీటి సంఘంలో, పంట రుణంలో ఆమె పేరు చేర్చే పని ప్రభుత్వాలు ఇకనైనా మొదలుపెట్టాలి.