75 గజాల ఇంటికి పర్మిషన్ అక్కర్లేదా?
75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ ఏమీ అక్కర్లేదని పాతబస్తీలో ఎవరిని అడిగినా చెప్పేస్తారు. అందులో సగమే నిజం. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల వరకు ఉన్న స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా, అంటే గ్రౌండ్ ప్లస్ వన్ కట్టుకుంటే ప్లాన్ అనుమతి అవసరం లేదు. కానీ పని మొదలుపెట్టకముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. దానికి ఫీజు ఒక్క రూపాయి.

ఆ రూపాయితో పాటు సొంత హామీ కూడా ఇస్తున్నారు మీరు. అసలు చిక్కు అక్కడే ఉంది. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో, ప్రభుత్వ భూమిలోనో ఉందనీ, మీరిచ్చిన వివరాలు తప్పనీ తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చేయొచ్చని చట్టంలోనే ఉంది. అందుకే పునాది తవ్వకముందే సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. వక్ఫ్ భూములు కూడా ఆ జాబితాలోకే వస్తాయి. నోటరీ కాగితం మీద కొన్న స్థలమైతే ఇంకా జాగ్రత్త. ఎన్ని చేతులు మారినా నోటరీతో యాజమాన్య హక్కు రాదు, సేల్ డీడ్ రిజిస్టర్ కావాల్సిందే.

ఇక కొలతలు. 40 అడుగుల లోపు రోడ్డు మీదైతే ముందు వైపు 1.5 మీటర్లు, దాదాపు ఐదడుగులు వదలాలి. "మెట్లు అక్కడే వేసేద్దాం భాయ్" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.

తమ్ముడి కోసం మూడో స్లాబ్ కూడా వేద్దామనుకుంటే ఎత్తు 7 మీటర్లు దాటుతుంది, రూపాయి రిజిస్ట్రేషన్ పనికిరాదు. 10 మీటర్ల వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి ఇస్తారు, దానికి ప్లాన్ పెట్టి ఫీజు కట్టాలి. పిల్లర్లు కూడా మొదట్నుంచే మూడు స్లాబుల బరువుకు సరిపడా ఇంజినీరుతో లెక్క కట్టించి వేయించుకోండి.