పత్రిక అట్టమీద ప్రభువు ముఖము

భుజాలమీదికి జారిన జుట్టు, కాస్త పైకెత్తిన చూపు. మన విశ్వాసుల ఇండ్లలో కేలండర్లమీద కనిపించే ఆ ప్రభువు ముఖము మొదట ఒక సంఘ పత్రిక అట్టకోసం గీసిన బొమ్మ. గీసినవారు చికాగోలో 1892లో పుట్టిన వార్నర్ సాల్మన్. వాణిజ్య ప్రకటనలకు బొమ్మలు వేయడం ఆయన వృత్తి. 'కవనెంట్ కంపానియన్' 1924 ఫిబ్రవరి సంచికకు బొగ్గుతో గీశారు. గడువు ముంచుకొచ్చినా ఏమీ తోచక, చివరికి అర్ధరాత్రి దాటాక ఆ రూపము మనసులో మెదిలిందని ఆయనే చెప్పేవారు. 1940లో దానినే తైలవర్ణాలలో చిత్రించారు. ప్రతులు 50 కోట్లు దాటాయంటారు.

అయితే నాలుగు సువార్తలలోను ప్రభువు ముఖవర్ణన లేదు. ఆయన నజరేతులో పెరిగిన యూదుడు. సాల్మన్ గీసినది ఐరోపావారి పోలిక. సండేస్కూలు పిల్లలు దానిని ఫోటో అనుకుంటారు, కాదని మేము చెబుతాము. గోడమీదనుండి తీసివేయమని మాత్రం అనము. రోగి మంచం ప్రక్కన ఆ బొమ్మవైపు చూస్తూ ప్రార్థించిన తల్లులను ఎరుగుదుము.