పర్సు పోయింది... నవ్వు దొరికింది!

ఫ్యాక్టరీ కార్మికుడు స్టీవ్, టాక్సీ డ్రైవర్ వార్డెల్ ప్రాణస్నేహితులు. ఓ శనివారం రాత్రి సరదా పుట్టి, చాటుమాటుగా నడిచే ఓ ఖరీదైన క్లబ్బుకి వెళ్తారు. సరిగ్గా అప్పుడే దొంగలొచ్చి పడతారు. పర్సులూ నగలూ ఊడ్చుకుపోతారు. పోతే పోయిందిలే అనుకుంటే... స్టీవ్ లాటరీ టికెట్‌కి 50 వేల డాలర్లు తగిలాయని తెలుస్తుంది. ఇంతకీ ఆ టికెట్ ఎక్కడుందంటారా? ఇంకెక్కడ, పోయిన పర్సులో!

1974లో వచ్చిన 'అప్‌టౌన్ సాటర్‌డే నైట్' కథ ఇది. స్టీవ్‌గా నటించిందీ, దర్శకత్వం వహించిందీ సిడ్నీ పోయిటియర్. వార్డెల్ పాత్ర బిల్ కాస్బీది.

అప్పట్లో అమెరికాలో నల్లజాతి ప్రేక్షకుల కోసం తీసే సినిమాలంటే ఎక్కువగా తుపాకులూ, మత్తుమందులే. 'షాఫ్ట్' (1971), 'సూపర్ ఫ్లై' (1972) కాసులు కురిపించాక ఆ తరహావి వరసకట్టాయి. వాటికి 'బ్లాక్స్‌ప్లాయిటేషన్' అని పేరుపడింది. మావాళ్లంటే నేరగాళ్లేనా అని నల్లజాతి పౌరహక్కుల నాయకులు మండిపడ్డారు.

పోయిటియర్‌ది మరో చిక్కు. 1964లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతీయుడాయన. తెరమీద ఎక్కువగా మచ్చలేని మర్యాదస్థుడే. జాతి పరువంతా భుజాన మోసేవాడికి నవ్వే తీరికెక్కడిది? ఈ సినిమాలో ఆ బరువు దించేశారు. ఆయన స్టీవ్ మనలాంటివాడే. ఆశపడతాడు, బిక్కచచ్చిపోతాడు, అయినా టికెట్ కోసం పరుగెడతాడు.

ఆ పరుగులో తగిలేవాళ్లంతా ఘనులే. ఓ కాంగ్రెస్ సభ్యుడి గదిలో గోడమీద నిక్సన్ పటం ఉంటుంది. నల్లజాతి ఓటర్లు వస్తున్నారనగానే అది తిరగబడి మాల్కం ఎక్స్ ప్రత్యక్షమవుతాడు! 'గాడ్‌ఫాదర్' బ్రాండోని అనుకరిస్తూ బుగ్గలుబ్బించి, గొంతు బొంగురుచేసి హడలెత్తించే గ్యాంగ్ నాయకుడు హ్యారీ బెలఫాంటే.

నిజజీవితంలోనూ ఈ ఇద్దరూ ఓసారి డబ్బు సంచితో పరుగుపెట్టారు. 1964లో మిసిసిపీలో ఓటుహక్కు కోసం పోరాడుతున్న యువతకు 70 వేల డాలర్లు పట్టుకెళ్తుంటే దారిలో క్లాన్ మనుషులు వెంటపడ్డారు. ప్రాణాలు అరచేత పెట్టుకుని చేరవేశారు. పదేళ్లకు అదే జంట తమవాళ్లకి కడుపుబ్బా నవ్వు పంచింది. దీని ఊపులో 1975, 1977లలో పోయిటియర్, కాస్బీ జంటగా మరో రెండు కామెడీలొచ్చాయి.

పోయిటియర్ 2022లో, బెలఫాంటే 2023లో కన్నుమూశారు. 2024లో ఈ సినిమాని అమెరికా జాతీయ చిత్ర భాండాగారంలో భద్రపరచదగ్గదిగా ఎంపిక చేశారు. హక్కుల కోసం ప్రాణాలొడ్డినవాళ్లు సంపాదించిపెట్టిన వాటిలో హాయిగా నవ్వుకునే హక్కూ ఒకటి మరి!